నూరీ కడుపులో ఇద్దరు

కేసముద్రం చుట్టుపక్కల ఎంతమంది పెండ్లికొడుకులను నూరీ మోసిందో ఇక్బాల్‌కు లెక్క లేదు. మెడ మీద జరీగుడ్డ, నుదుటి మీద కుచ్చు, కాళ్లకు గజ్జెలు. బ్యాండు వాళ్ల వెనక అది అడుగులు వేస్తూ వస్తుంటే పెండ్లికొడుకు ఎట్లున్నాడని చూసేవాళ్లకంటే గుర్రం ఎట్లుందని చూసేవాళ్లే ఎక్కువ. ఇక్బాల్ తండ్రి టాంగా తోలి బతికాడు. టాంగాలు పోయి ఆటోలు వచ్చాక ఇక్బాల్ బారాత్ గుర్రాన్ని నమ్ముకున్నాడు. మార్కెట్ యార్డు వెనక చిన్న ఇల్లు, దాన్ని ఆనుకుని రేకుల కొట్టం. ఇంట్లో భార్య మున్నవర్ బేగం, కవలపిల్లలు సనా, ఆలియా. ఎంతమంది మీరు అని ఎవరైనా అడిగితే నూరీని కలిపి ఐదుగురం అంటాడు.

ఆ చలికాలంలో మరిపెడలో ఒక బారాత్ నడుస్తుండగా నూరీ ముందుకాలు మడతపడింది. పెండ్లికొడుకు పడలేదు, జనం కూడా పెద్దగా చూడలేదు. కళ్లెం పట్టుకున్న ఇక్బాల్‌కు మాత్రం గుండెలో రాయి పడింది. నూరీకి వయసు మళ్లుతోంది. ఇంకో తెల్లగుర్రాన్ని కొనే తాహతు తనకు ఈ జన్మలో రాదు. నూరీ కడుపున ఒక తెల్లపిల్ల పడితేనే ఈ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉంటుంది. పని ఆగిపోతుందని ఇన్నేండ్లు దాన్ని కట్టించలేదు. ఇక ఆలస్యం చేస్తే కట్టదు.

తెల్ల మొగగుర్రం ఈ దిక్కున ఎక్కడా లేదు. ఉన్నదల్లా పక్క తండాలో మంగీలాల్ దగ్గర ఒక ఎర్ర తట్టుగుర్రం, అదీ గాడిదకంటే జానెడు ఎత్తు. అప్పుడు ఎవరో డాక్టర్ కరుణ పేరు చెప్పారు. జనగామ అమ్మాయి. హైదరాబాద్ అవతల ఒక గుర్రాల ఫారంలో పనిచేస్తుంది, రోజూ రైలులో పోయి వస్తుంది. ఆమె ఒక ఆదివారం వచ్చి నూరీ పండ్లు చూసి, కడుపు నిమిరి, సూదులతో ప్రయత్నం చేద్దామంది.

"బర్రెకిచ్చినట్టే గుర్రానిక్కూడ సూదేనా డాక్టరమ్మా?" అన్నాడు మంగీలాల్. వింత చూడడానికని పొద్దున్నే భార్య లచ్చిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఒక సూది ఎదకు తెచ్చేటందుకు, ఇంకోటి గుడ్డు విడిచేటందుకు. మూడోది అసలుది, బీజం. మా ఫారంల తెల్లగుర్రం నుంచి తీసి ఐసు డబ్బాల తెస్త," అంది కరుణ. "కాని బర్రె లెక్క ఇది అరవదన్నా. మొగది ఎదురుంగ ఉంటేనే దీని మనసు బయటపడతది. నీ తట్టును తోల్కరా."

మంగీలాల్‌కు సంగతి అర్థమైంది. "అంటే మావోడు ముచ్చట పెట్టాలె, పెండ్లి ఇంకోనితోటి."

"గంతే."

"ఉసురు తగుల్తది డాక్టరమ్మా, జర సూస్కో."

తలుపు చాటున సనా, ఆలియా కిసుక్కున నవ్వారు. మున్నవర్ ఇద్దరినీ లోపలికి తోసి తలుపు వేసింది. ఇక్బాల్‌కు సిగ్గేసింది. ఐదు పూటలా నమాజు తప్పనివాడు, ఇలాంటి పని సబబేనా కాదా అన్న సందేహం అంతకుముందే వచ్చి మసీదులో మౌల్వీసాబ్‌ను అడిగాడు. ఆయన గడ్డం దువ్వుకుంటూ, "నీ గుర్రానికి నికా చెయ్యమంటవా ఏంది, పో," అని నవ్వేశాడు.

మొదటి సూది పడ్డ కొన్నాళ్లకు వెదురుగడ అవతల నిలబెట్టిన తట్టును చూసి నూరీ తోక ఎత్తింది. రెండో సూది వేశారు. మర్నాడు పొద్దుటి బండిలో ఐసు డబ్బా దిగింది. కరుణ భుజం దాకా తొడుగు వేసుకుని సన్నటి గొట్టంతో పని పూర్తి చేస్తుంటే ఇక్బాల్ నూరీ చెవి దగ్గర బిస్మిల్లా చెప్పాడు. తట్టు ఒక్కటే కోపంగా నేల తవ్వింది.

ఫిబ్రవరి నెల అది. తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు లేచి ఉన్నాయి. సంక్రాంతి దాటాక మానుకోటలో తీసిన ఊరేగింపులో రుద్రమదేవి వేషం కట్టిన పిల్లను నూరీ మీదే ఎక్కించారు. అప్పటినుంచి కేసముద్రం పోరగాండ్లు దాన్ని తెలంగాణ గుర్రం అని పిలుస్తున్నారు. మళ్లీ ఒక ఊరేగింపుకు అడగవస్తే ఇక్బాల్ చేతులు జోడించి, చూలు నిలిచిందో లేదో తెలిసేదాకా దాన్ని కదపనన్నాడు.

కరుణ స్కానింగ్ మిషన్‌తో వచ్చిన రోజు కొట్టంలో ఇంటిల్లిపాదీ చేరారు. మంగీలాల్, లచ్చి కూడా ఉన్నారు. చిన్న టీవీ లాంటి దాంట్లో బూడిదరంగు మసక. ఆ మసకలో నల్లటి గుండ్రటి చుక్క ఒకటి తేలింది.

"నిలిచింది అన్నా," అంది కరుణ.

ఇక్బాల్ అల్‌హమ్దులిల్లా అన్నాడు. మున్నవర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరుణ చెయ్యి మాత్రం ఇంకా లోపల తిరుగుతూనే ఉంది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. తెర మీద మొదటి చుక్క పక్కకు ఇంకో చుక్క వచ్చి నిలిచింది, కొంచెం చిన్నది.

"రెండు నిలిచినయ్."

లచ్చి చప్పట్లు కొట్టింది. "నేను జెప్పలే? ఆ సూదుల బలం. రెండు ఈనకపోతే అది మేకేంది."

"గుర్రం మేక కాదక్కా," అంది కరుణ. తొడుగు తీసి చేతులు కడుక్కుంటూ ఇక్బాల్ వైపు తిరిగింది. "గుర్రం గర్భసంచి ఒక్కదానికే సరిపోతదన్నా. సంచి గోడ మొత్తం ఒక్క పిల్లకే పాలు కుడిపినట్టు ఉండాలె. రెండుంటే రెండిటికీ సగం తిండి. పదకొండు నెలలు నిండకుంటనే, ఏడెనిమిది నెలలకు రెండిటినీ ఈసుకపోతది. ఒక్కోపారి తల్లి పాణం మీదికి గూడ వస్తది."

"మరి ఎట్ల?"

"ఇప్పుడవి ద్రాక్షపండ్లంత ఉన్నయ్, లోపల తిరుగుతున్నయ్. ఒకదాన్ని పక్కకు జరిపి వేళ్లతోటి నొక్కేస్తే కరిగిపోతది. ఇంకోటి మంచిగ పెరుగుతది. కాని ఇయ్యాల్నో రేపో చెయ్యాలె. తిరుగుడు ఆపి రెండూ ఒక్కకాడ అతుక్కున్నయంటే నేనేం చెయ్యలేను."

నూరీ దాణా నములుతున్న చప్పుడు ఒక్కటే.

"ఏదాన్ని తీస్తరు మేడం?" అని ఆలియా అడిగింది.

"చిన్నదాన్ని."

"అంటే నన్ను," అంది ఆలియా. నవ్వుతూనే అంది. సనా దాని జబ్బ మీద ఒకటి వేసింది. పెద్దవాళ్లెవరికీ నవ్వు రాలేదు.

ఈ పిల్లలు పుట్టినప్పుడు ఆలియా మున్నవర్ అరచేతిలో ఇమిడింది. దవాఖానలో పెద్ద డాక్టరు చూసి, పెద్దపిల్ల మీద ధ్యాస పెట్టండి, చిన్నది దక్కదు అన్నాడు. మున్నవర్ ఆ మాట వినిపించుకోకుండా దాన్ని దూదిలో చుట్టి రొమ్ము మీదే పెట్టుకుని ఆ చలికాలం గడిపింది. ఇప్పుడు సనా రెండు రొట్టెలు తింటే ఆలియా మూడు తింటుంది. డాక్టర్లకు అన్నీ తెలుసు అని ఎవరైనా అంటే ఇక్బాల్ ఈ కథే చెబుతాడు.

"ఒక్క రాత్రి టైమియ్యి బిడ్డా," అన్నాడు ఇక్బాల్.

"రేపటి నుంచి బంద్ అన్నా. రెండు రోజులు."

"ఎరికే. మనోళ్ల బందే గదా. నూరీ కోసమంటే నిన్ను ఆపుతరా?"

"నా మాట విను. ఇప్పుడే చేద్దాం. కండ్లు మూసి తెరిచినంత సేపు పట్టదు."

"అల్లా ఇచ్చినదాన్ని అడగకుంట తీసెయ్యమంటవా?"

మిషన్ ఫారం వాళ్లది, రాత్రికల్లా తిరిగి పంపాలి. జనగామ బండికి టైమైంది. ఆమె మిషన్ సర్దుకుని, నూరీ మెడ మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ఇక్బాల్ మౌల్వీసాబ్ పక్కన కూర్చున్నాడు. మొదటినుంచీ చెప్పాడు. ఈసారి ఆయన నవ్వలేదు.

"ఇక్బాల్ మియా, తల్లి పాణానికి ముప్పుంటే తెలిసినోళ్ల మాట వినాలె. గుర్రం సంగతి డాక్టరమ్మకు తెల్సు, నాకు తెల్వదు. నువ్వు నన్ను అడగొచ్చినవంటే ఆమె చెప్పింది నీకు నచ్చలేదన్నట్టు."

"పాపమైతదేమోనని వచ్చిన సాబ్."

"ఆ భయం మంచిదే. భయం ఒక్కటేనా కాదా, అది నువ్వే సూస్కోవాలె."

ఇంటికి నడుస్తూ ఇక్బాల్ ఆ మాటను నోట్లో గింజలా తిప్పుతూనే ఉన్నాడు. భయం ఒక్కటే కాదు. స్కానింగ్ తెరమీద రెండో చుక్క కనబడ్డ క్షణంలోనే తన కళ్ల ముందు ఒక బారాత్ కదిలింది. రెండు తెల్లగుర్రాలు, పక్కపక్కన, ఒకే అడుగు. మానుకోట నుంచి జనగామ దాకా అలాంటి జోడీ ఎవరి దగ్గర ఉంది? అల్లా పేరు చెప్పి అడిగిన ఆ ఒక్క రాత్రి గడువులో ఆ జోడీ మీది ఆశ వాటా ఎంత? తేల్చుకోలేకపోయాడు.

మున్నవర్ అన్నం పెడుతూ, "రెండూ దక్కితే?" అంది. కూర వడ్డించి, "మనకు దక్కినయ్ గదా," అంది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచినప్పుడు మాత్రం ఆమె మాట మారింది. "ఫోన్ చెయ్యి. నూరీకేమన్న అయితే నేను ఓర్వలేను."

కరుణ అప్పటికే బయల్దేరింది. "నువ్వు పిలుస్తవని తెల్సన్నా. మిషన్ వెనక్కి పంపకుంట నా దగ్గర్నే ఉంచుకున్న, మా తమ్ముని బండి మీద వస్తున్న. పాలకుర్తి దాటనిస్తలేరు. చెట్లు కొట్టి రోడ్డుకు అడ్డం ఏసిన్రు."

ఇక్బాల్ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా చౌరస్తాకు ఉరికాడు. టైర్లు కాలుతున్నాయి. లారీలు యార్డు గేటు దాకా వరసగా ఆగి ఉన్నాయి. పోశాలు అనే కుర్రవాడు జెండా పట్టుకుని నడిరోడ్డు మీద కూర్చున్నాడు. చిన్నప్పటినుంచి ఎరిగినవాడే. ఇక్బాల్ సంగతంతా చెప్పాడు.

"తెలంగాణ గుర్రానికా?" అని పోశాలు లేచి నిలబడ్డాడు. "డాక్టరమ్మ వస్తే మేమే దగ్గరుండి తోల్కొస్తం అన్నా. మా కాడ అడ్డం లేదు. మరి నెల్లికుదురు కాడ? తొర్రూరు కాడ? పాలకుర్తి కాడ ఎవడున్నడో నాకేం ఎరికే."

"ఫోన్ చెయ్యి నాయినా."

పోశాలు నిజంగానే ఫోన్లు చేశాడు. తొర్రూరు వాళ్లు సరే అన్నారు. పాలకుర్తిలో ఒకడు ఫోనెత్తి, "గుర్రానికి సూదా? మంచిగున్నదిరా కత," అని నవ్వి పెట్టేశాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. పోశాలు తల గోక్కున్నాడు. "ఊరూరికి కమిటీ ఉన్నదన్నా. ఎవని మాట ఎవడు వింటడు?"

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇక్బాల్‌కు తోచలేదు. ఈ బందు వద్దనడానికి నోరు రాదు, ఈ టెంట్లలో తనూ కూర్చున్నాడు. రాష్ట్రం వస్తే సనా ఆలియాలకు ఏదైనా నౌకరీ దొరుకుతుందని దువా చేశాడు. కరుణ మధ్యాహ్నం దాకా పాలకుర్తి దగ్గర ఎండలో నిలబడి వెనక్కి తిరిగింది. మర్నాడూ అంతే అయింది.

బందు తీసేశాక ఆమె వచ్చింది. లోపల చెయ్యి పెట్టి తెరను చూసింది. రెండు చుక్కలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒకే మూలన ఉన్నాయి. మధ్యన వెంట్రుకంత గీత.

"ఇప్పుడు ఒకదాన్ని ముట్టుకుంటే రెండూ పగుల్తయ్," అంది. "మొత్తం కడిగేసే సూది ఇంకోటి ఉన్నది. రెండూ పోతయ్. మళ్ల మొదటికెల్లి."

"మళ్ల నిలుస్తదా?"

"దీని ఈడుకు... చెప్పలేను అన్నా."

"దానంతట అది ఒకటి పోతదా అమ్మా?" అని మున్నవర్ అడిగింది.

"పోవచ్చు. ఇట్ల పక్కపక్కన అతుక్కున్నప్పుడు చానాసార్లు ఒకటి కరిగిపోతది. పోకనూ పోవచ్చు."

చానాసార్లు అన్న మాటను ఇల్లంతా పట్టుకుంది. ఇక్బాల్ ప్రతి నమాజు తర్వాత దువాకు చేతులెత్తేవాడు. అక్కడ ఆగిపోయేవాడు. రెండిటినీ కాపాడు అనాలా, ఒకదాన్ని తీసుకో అనాలా? తీసుకో అని అడగడానికి నోరెట్లా వస్తుంది? తండ్రి నేర్పిన అరబ్బీ మాటలు చెప్పి, నీకే తెలుసు అని ముఖం తడుముకుని లేచేవాడు.

ఎండలు ముదిరాక కరుణ ఇంకోసారి స్కానింగ్ చేసింది. ఈసారి చుక్కలు కావు. రెండు గింజలంత ఆకారాలు. రెండిట్లోనూ మిణుకుమిణుకుమంటూ గుండె. సనా, ఆలియా తెర ముందు మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూశారు.

"సూది?" అన్నాడు ఇక్బాల్.

"ఇప్పుడది పనిచెయ్యదు. గడువు దాటింది. ఇక సూసుడే."

అప్పటినుంచి చూడడమే పనైంది. బారాత్‌లు మానేశాడు, యార్డులో బస్తాలు మోశాడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇది గుడ్డిది కూడా కాదు, రెండు ప్రాణాలను మోస్తోంది. మంగీలాల్ పచ్చగడ్డి మోపులు తెచ్చి పడేసేవాడు. వానలు మొదలయ్యేసరికి నూరీ కడుపు రెండు పక్కలా దిగింది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. ఎవరైనా ముబారక్ చెబితే ఇక్బాల్ తల ఊపేవాడు.

సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో ఒక పొద్దున లచ్చి కొట్టంలోంచి కేక వేసింది. "బేగమక్కా, పొదుగు దిగింది సూడు."

నిజమే. నూరీ పొదుగు నిండి, రొమ్ముల చివర పాలు బొట్టుబొట్టుగా ఉన్నాయి. లచ్చికి మేకలు తెలుసు, పొదుగు దిగిందంటే పండగ. ఇంట్లో అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టింది. ఇక్బాల్ ముక్క నోట్లో వేసుకుని సంతోషంగానే కరుణకు ఫోన్ చేశాడు.

"పొదుగు దిగిందా?" అంది ఆమె. "ఇప్పుడేనా?" బెల్లం ముక్క ఇక్బాల్ నాలుక మీద అలాగే ఉండిపోయింది.

"ఇంకా మూడు నెలలకు పైన ఉన్నది గద అన్నా. ఇప్పుడు పాలొచ్చినయంటే లోపల ఒకటి పోయిందన్నట్టు. దాని వెనక ఇంకోటి వస్తది. రైళ్లు లేవు, బస్సులు లేవు. ఎట్లనన్న జేసి వస్త. ఈలోపల అక్కడి డాక్టర్ను పిలువు."

పశువుల దవాఖానకు తాళం ఉంది. డాక్టరు సమ్మె టెంటులో కూర్చుని ఉన్నాడు. అడిగిన వెంటనే చాప మీంచి లేచాడు. "సమ్మె సర్కారు మీద, నీ గుర్రం మీద కాదు," అంటూ వెంట నడిచాడు. పోశాలు, ఇంకో నలుగురు కూడా వచ్చారు. ఇన్నాళ్లూ ఒకరుంటే ఇంకొకరు లేరు. ఇప్పుడు దారిలో ఉన్న కరుణ తప్ప అందరూ ఉన్నారు. డాక్టరు నూరీ కడుపు మీద గొట్టం పెట్టి విని, గొట్టం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తల్లిని కాపాడుకుందాం," అన్నాడు. అంతకుమించి ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

మధ్యాహ్నం జొహర్ నమాజు వేళ దాటాక మొదటిది వచ్చింది. మేకపిల్లంత ఉంది, ముడుచుకుని, తోలు ఆరిపోయి. అది పోయి చాలా రోజులైనట్టుంది. మున్నవర్ దాన్ని గోనెసంచిలో చుట్టి పక్కకు తీసింది. ఆలియా అటు చూడకుండా నూరీ మెడ పట్టుకుని నిలబడింది.

రెండోది కాసేపటికి వచ్చింది. దానికి రూపం ఉంది. సన్నని పొడుగాటి కాళ్లు, గులాబీరంగు ముక్కు. తడిసిన ఒంటి మీద నూనూగు వెంట్రుక తెల్లగా ఉంది, ఇక్బాల్ అడిగినట్టే తెల్లగా. డాక్టరు దాని ముక్కు తుడిచి, పక్కలు రుద్ది, నోట్లోకి గాలి ఊదాడు. డొక్క ఒకసారి లేచింది. ఇంకోసారి లేచింది. సనా లోపలికి ఉరికి దుప్పటి తెచ్చేసరికి డొక్క లేవడం ఆగిపోయింది. డాక్టరు ఇంకా చాలాసేపు రుద్దుతూనే ఉన్నాడు. ఇక్బాల్ ఆయన భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు ఆపాడు.

నూరీ బతికింది. లేచి నిలబడి వెనక్కి తిరిగి పిల్లను నాకడం మొదలుపెట్టింది. తలనుంచి తోక దాకా, ఒక పద్ధతి ప్రకారం. మంగీలాల్ పార తెచ్చి యార్డు గోడ పక్కన గుంట తవ్వాడు. పోశాలు పిల్లను ఎత్తబోతే నూరీ చెవులు వెనక్కి వంచి పండ్లు చూపించింది. ఇన్నేండ్లలో అది ఎవరినీ కరవబోవడం ఇక్బాల్ చూడలేదు.

"తల పక్కకు తిప్పి పట్టుకోన్రి, నేను తీస్త," అన్నాడు మంగీలాల్.

"వద్దు," అన్నాడు ఇక్బాల్. "దానంతట అది పక్కకు జరగనియ్యి."

"పొద్దు గూకుతది భాయ్."

"గూకనియ్యి."

పొదుగులోంచి పాలు కారి గడ్డి తడుస్తోంది. సాయంత్రపు అసర్ అజాన్ వినబడింది. ఇక్బాల్ మసీదుకు పోలేదు. కొట్టం మూలన కడిగిన చోట తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాడు. చివర చేతులెత్తాడు గానీ ఏమీ అడగలేదు. తువ్వాలు మడిచి వచ్చి నూరీకి కొంచెం దూరంలో, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మున్నవర్ వచ్చి పక్కన కూర్చుంది. నూరీ తల వంచి పిల్ల పొట్ట కింద ముక్కు పెట్టి, లేపడానికి మెల్లగా నెట్టింది. పిల్ల కదిలి, మళ్లీ గడ్డి మీదికి జారింది. నూరీ మళ్లీ నెట్టింది.